పసుపు మందుకు తోడే గాని, మందుకు బదులు కాదు



కిందటిసారి గోడ పత్రికలో ఎనిమిదో తరగతి వాళ్ళు ఇప్పపువ్వు గురించి రాశారు. చాలా బాగుంది. అది చదివినప్పటి నుండి నేను కూడా మన చెట్ల మందుల గురించి ఒకటి రాయాలనుకున్నాను. ఇది పసుపును పొగిడే వ్యాసం కాదు, తిట్టే వ్యాసం కూడా కాదు. పసుపు ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అని చెప్పే వ్యాసం. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. అది కూడా రాస్తున్నాను. చదివి నవ్వకండి.

మా చిన్నాన్నకు ఏమైంది?

మా ఊరు కొండ మీద ఉంది. ఇరవై ఐదు గడపలు. మా ఇంట్లో నాకు ముందు ఎవరూ బడికి వెళ్ళలేదు. మేము చోళ్ళు, సామలు, పసుపు పండిస్తాము.

నేను ఏడో తరగతిలో ఉండగా మా చిన్నాన్నకు విరేచనాలు పట్టుకున్నాయి. బంక, నెత్తురు పడేవి. రోజుకు ఏడెనిమిది సార్లు చెంబు పట్టుకొని పరుగెత్తేవాడు. మొదట అందరూ మామూలు నెత్తురు విరేచనాలే అనుకున్నారు. ఆరోగ్య కేంద్రంలో బిళ్ళలు ఇచ్చారు. కొంచెం తగ్గింది, మళ్ళీ వచ్చింది. దిసారి వచ్చి కోడిని కోశాడు. పక్క ఊరి తాత వేరు నూరి ఇచ్చాడు. ఎనిమిది నెలలు ఇలాగే గడిచాయి. నాగలి పట్టే మనిషి చీపురు పుల్లలాగ అయిపోయాడు.

చివరికి ఆశా కార్యకర్త అక్క పట్నం పెద్దాసుపత్రికి తీసుకొని వెళ్ళింది. అక్కడ సన్నటి గొట్టానికి కెమెరా ఉన్న పరికరంతో పేగు లోపల చూసి, చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. "ఇది అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు. మందులు మానకూడదు" అన్నారు. మందులు వాడాక రెండు నెలల్లో నెత్తురు ఆగింది. మళ్ళీ పొడు పనికి వెళ్ళాడు.

ఇక నా తప్పు. కిందటి వేసవి సెలవుల్లో సంతలో కొన్న బెల్లం ఒక పాత పత్రిక కాగితంలో చుట్టి వచ్చింది. అందులో "పసుపు పేగు పుండ్లను మాన్పును" అని ఉంది. మిగతా సగం చినిగిపోయింది. మా ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనే కదా. గొప్పగా గట్టిగా చదివి వినిపించాను. చిన్నాన్న చాలా సంతోషపడ్డాడు. "మన పెరట్లోనే మందు ఉండగా పట్నం బస్సుకెందుకు డబ్బులు తగలెయ్యడం? సదువుకున్న గుంట సదివి సెప్పింది కదా" అన్నాడు. బిళ్ళలు మానేశాడు. రోజూ పసుపు, బెల్లం కలిపి ఉండలు చేసుకొని తిన్నాడు.

నేను జూన్‌లో హాస్టల్‌కు వచ్చేశాను. ఆగస్టులో కబురు వచ్చింది. చిన్నాన్నకు మళ్ళీ నెత్తురు పడుతున్నది, జ్వరం, లేవలేకపోతున్నాడు. వానలో డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారట. అక్కడి నుండి అంబులెన్సు. రెండు సీసాల నెత్తురు ఎక్కించారు. "మందు ఎవరు మానమన్నారు?" అని డాక్టరు గారు అడిగితే చిన్నాన్న నా పేరు చెప్పలేదు. "నానే మానీసినాను" అన్నాడు. ఈ మాట మా అమ్మ చెప్పింది.

ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మన సైన్స్ మేడమ్ గారి దగ్గరకు వెళ్ళి అంతా చెప్పి ఏడ్చాను. మేడమ్ గారు తిట్టలేదు. "సగం చదివావు. ఇప్పుడు మొత్తం చదువుదాం" అన్నారు. నెలరోజులు సాయంత్రం పూట చదివాము. మేడమ్ గారు ఇంగ్లీషులోవి చదివి తెలుగులో చెప్పారు. అవే ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఈ జబ్బు ఏమిటి?

మన చిన్నపేగు సుమారు 6 మీటర్లు, పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటరు. ఈ పేగులలో చాలాకాలం ఉండే వాపు జబ్బును ఐ.బి.డి. అంటారు. ఇందులో ముఖ్యమైనవి రెండు.

1. అల్సరేటివ్ కొలైటిస్: ఇది పెద్దపేగుకే వస్తుంది. మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది. పేగు లోపలి పొర ఎర్రబడి పుండ్లు పడతాయి.

2. క్రోన్స్ వ్యాధి: ఇది నోటి నుండి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు. పేగు గోడ లోతు దాకా పోతుంది. పేగు ఇరుకైపోవచ్చు. 1932లో న్యూయార్కులో దీని గురించి రాసిన ముగ్గురు డాక్టర్లలో ఒకరైన క్రోన్ గారి పేరు దీనికి వచ్చింది.

ఈ జబ్బు ఎందుకు వస్తుంది? దీనికి ఒకే కారణం లేదు. పుట్టుకతో వచ్చిన గుణం, పేగులోని సూక్ష్మజీవులు, తిండి, పరిసరాలు, మన ఒంటి రక్షణ శక్తి అన్నీ కలుస్తాయి. ముఖ్యమైనది ఏమిటంటే మన ఒంటి కాపలా దారి తప్పుతుంది. నేను ఇలా అర్థం చేసుకున్నాను. పొలంలో మంచె మీద కాపలా మనిషి ఉంటాడు. అడవి పంది వస్తే డప్పు కొడతాడు, మంట పెడతాడు. పంది పోయాక మంట ఆర్పాలి. ఈ జబ్బులో కాపలా మనిషి పంది లేకపోయినా మంట పెడుతూనే ఉంటాడు. చివరికి మన చేనే కాలిపోతుంది. ఆ కాలడమే పేగు వాపు, పుండు.

ఇది అంటుజబ్బు కాదు. పక్కన కూర్చుంటే రాదు, ఒకే పళ్ళెంలో తింటే రాదు. చేతబడి కాదు, శాపం కాదు.

అయితే నెత్తురు పడిన ప్రతి విరేచనమూ ఈ జబ్బు కాదు. మన వైపు ఎక్కువగా చెడ్డ నీళ్ళ వల్ల, అమీబా వల్ల, బాక్టీరియా వల్ల నెత్తురు విరేచనాలు వస్తాయి. అవి మందుతో కొద్ది రోజుల్లో పోతాయి. పేగుకు వచ్చే క్షయ కూడా క్రోన్స్ వ్యాధిలాగే కనిపిస్తుంది. మన దేశంలో డాక్టర్లకు కూడా ఈ రెంటినీ విడదీయడం కష్టం. అందుకనే పరీక్ష లేకుండా పేరు పెట్టకూడదు. క్షయకు ఒక మందు, దీనికి ఇంకొక మందు.

డాక్టర్లు ఇచ్చే మందులు

మా చిన్నాన్నకు ఇచ్చిన మాత్ర పేరు మెసలమైన్. దాని కంటే ముందు వచ్చినది సల్ఫాసలజైన్. దాన్ని ఈ జబ్బుకు వాడి చూపించినది ఒక ఆడ డాక్టరు! పేరు నానా స్వార్ట్స్, దేశం స్వీడన్. ఆమె 1937లో ప్రొఫెసరు అయ్యారు. ఆ దేశపు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆమెయే. 1942లో తన ఫలితాలు ప్రకటించారు. కీళ్ళ వాపు కోసం తయారు చేసిన మందు పేగు వాపుకు కూడా పనిచేసిందని ఆమె చూశారు.

ఇంకొక విచిత్రం. ఈ మాత్రలలోని పదార్థం విల్లో అనే చెట్టు బెరడు నుండి మొదట తెలిసిన మందుకు చుట్టం. అంటే మాత్రకూ చెట్టుకూ పగ లేదు. చెట్టులో ఉన్నది ఏమిటో కనిపెట్టి, కొలిచి, మార్చి, పరీక్ష చేసి ఇస్తే అది మాత్ర.

జబ్బు ఎక్కువైతే స్టెరాయిడ్ మందులు, ఇంకా బలమైన మందులు, ఇంజెక్షన్లు ఇస్తారు. కొందరికి ఆపరేషన్ కూడా అవసరం అవుతుంది.

మొక్కలో మందుగుణం ఎక్కడిది?

మొక్క పరుగెత్తలేదు. పురుగు వచ్చినా, ఎండ కొట్టినా, బూజు పట్టినా నిలబడిన చోటే తనను తాను కాపాడుకోవాలి. అందుకని రంగు, చేదు, వగరు, ఘాటు ఉన్న పదార్థాలు తయారు చేసుకుంటుంది. పసుపులోని పచ్చరంగు అలాంటిదే. దాని పేరు కర్కుమిన్. ప్రయోగశాలలో చూస్తే వాపును పెంచే ఆజ్ఞలను ఇది తగ్గిస్తుంది. మంచె మీద మనిషి చేతిలో డప్పు కర్రను కొంచెం పట్టి ఆపినట్టు.

మన పెద్దలకు గాయానికి పసుపు పెట్టడం ఎప్పటి నుండో తెలుసు. 1995లో అమెరికాలో "పసుపుతో గాయం మానుతుంది, ఇది మేము కనిపెట్టాము" అని పేటెంటు ఇచ్చారు. మన దేశపు సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ ఇది మాకు పూర్వం నుండి తెలుసని పాత పుస్తకాలు చూపించి వాదించింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఇది మనకు గర్వమే. అయితే పైన గాయానికి పెట్టడం వేరు, లోపల పేగు జబ్బుకు తినడం వేరు. రెండోదానికి వేరే రుజువు కావాలి.

రుజువు ఎలా చూస్తారు?

మా నాయన ఒకసారి చేనులో సగానికి పెంట ఎరువు వేసి, సగానికి వేయకుండా వదిలాడు. ఒకే విత్తనం, ఒకే వాన. అప్పుడు ఎరువు సంగతి తేలింది. మందు పరీక్ష కూడా అలాంటిదే. రోగులను చీటీలు తీసినట్టు రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకు అసలు మందు, ఇంకొక జట్టుకు చూడడానికి అలాగే ఉండే ఉత్తుత్తి మందు. ఎవరిది ఏదో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. చివర లెక్క చూస్తారు. ఈ జబ్బు దానంతట అదే కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ వస్తుంది. అందువల్ల "నేను తిన్నాను, తగ్గింది" అంటే చాలదు.

పసుపు పరీక్షలు ఏం చెప్పాయి?

జపాన్, 2006: జబ్బు అణగి ఉన్న 89 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగులు. అందరూ తమ మామూలు మాత్రలు వాడుతూనే ఉన్నారు. ఒక జట్టుకు అదనంగా రోజుకు 2 గ్రాముల కర్కుమిన్ ఇచ్చారు. 6 నెలల్లో కర్కుమిన్ తీసుకున్న 43 మందిలో 2 మందికి జబ్బు తిరగబెట్టింది. ఉత్తుత్తి మందు జట్టు 39 మందిలో 8 మందికి తిరగబెట్టింది.

2015 పరీక్ష: ఇజ్రాయెల్ డాక్టర్లు వేరే దేశాల వారితో కలిసి చేశారు. జబ్బు రేగి ఉండి మెసలమైన్‌తో తగ్గని 50 మంది. మెసలమైన్ కొనసాగిస్తూ రోజుకు 3 గ్రాముల కర్కుమిన్ నెలరోజులు ఇచ్చారు. 26 మందిలో 14 మందికి అణగింది. ఉత్తుత్తి మందు జట్టు 24 మందిలో ఒక్కరికీ అణగలేదు.

ఢిల్లీ, 2017: ఎయిమ్స్ ఆసుపత్రి డాక్టర్లు 62 మందికి చేశారు. కర్కుమిన్ తక్కువ ఇచ్చారు, రోజుకు 450 మిల్లీగ్రాములు. 8 వారాలు. రెండు జట్లకూ తేడా లేదు. ఉపయోగం కనబడలేదు.

హైదరాబాదు, 2021: ఒంటికి బాగా పట్టేలా ప్రత్యేకంగా తయారు చేసిన కర్కుమిన్‌ను కొద్ది మోతాదులో, మెసలమైన్‌తో పాటు ఇచ్చి చూశారు. ఉపయోగం కనబడింది.

ఇవి చదువుతుండగా మేడమ్ గారు నన్ను అడిగారు, "అన్నిటిలో ఒకేలా ఉన్న మాట ఏది?" నేను మూడుసార్లు చదివాక దొరికింది. "మెసలమైన్ కొనసాగిస్తూ", "మాత్రలతో పాటు". ఏ పరీక్షలోనూ మందు మాన్పించి పసుపు పెట్టలేదు. నేను ఇంట్లో చదివిన కాగితంలో ఈ మాట లేదు. చినిగిన సగంలో ఉందో ఏమో.

ఒక లెక్క చేద్దాం

ఇది లెక్కల సార్ గారు కూడా సరిచూశారు. పసుపులో కర్కుమిన్ సుమారు నూటికి 3 పాళ్ళు ఉంటుంది. అనగా 100 గ్రాముల పసుపులో 3 గ్రాములు.

జపాన్ పరీక్షలో ఇచ్చిన 2 గ్రాములు పసుపు నుండి రావాలంటే సుమారు 66 గ్రాముల పసుపు కావాలి. ఒక చెంచా పసుపు 3 గ్రాములు అనుకుంటే రోజుకు 22 చెంచాలు! 2015 నాటి 3 గ్రాములకైతే 100 గ్రాముల పసుపు.

మన హాస్టల్ సాంబారు డేగిసాలో వంట అక్క 240 మందికి 120 గ్రాముల పసుపు వేస్తుంది. మనిషికి అర గ్రాము. అందులో కర్కుమిన్ 15 మిల్లీగ్రాములు. 2 గ్రాములు రావాలంటే ఒక్కరే 133 మంది సాంబారు తాగాలి. మా చిన్నాన్న తిన్న ఉండలు రోజుకు మూడు చెంచాలు ఉంటాయి. అంటే 9 గ్రాములు. ఢిల్లీలో పనిచేయని మోతాదుకు కావలసిన 15 గ్రాముల పసుపు కంటే కూడా తక్కువే. అలాగని 22 చెంచాలు తినమని కాదు. అంత తింటే కడుపు ఇంకా పాడవుతుంది. కూరలో పసుపు తిండి. మాత్రలో కొలిచిన కర్కుమిన్ మందు. రెండూ ఒకటి కావు.

ఇంకొక సంగతి. కర్కుమిన్ నెత్తురులోకి చాలా తక్కువ ఎక్కుతుంది. మిరియాలలోని పైపరిన్ కలిపితే 20 రెట్లు ఎక్కువ ఎక్కిందని 1998లో బెంగుళూరు డాక్టర్లు చూపించారు. పెద్దపేగు జబ్బుకు మాత్రం అది పేగు గోడకు తగిలినా పనిచేస్తుందని డాక్టర్లు అనుకుంటున్నారు. 

మిగతా మొక్కలు

ఇసబ్‌గోల్: 1999లో స్పెయిన్‌లో జబ్బు అణగి ఉన్న 105 మందిని మూడు జట్లు చేసి ఏడాది చూశారు. ఇసబ్‌గోల్ గింజలు మాత్రమే తీసుకున్న జట్టులో నూటికి 40 మందికి, మెసలమైన్ జట్టులో 35 మందికి, రెండూ తీసుకున్న జట్టులో 30 మందికి జబ్బు తిరగబెట్టింది. ఈ తేడా అంత పెద్దది కాదని వాళ్ళు తేల్చారు. పీచు పెద్దపేగులోని మంచి సూక్ష్మజీవులకు తిండి. అవి పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం తయారు చేస్తాయి. పెద్దపేగు కణాలకు అదే ముఖ్యమైన ఆహారం. కాని క్రోన్స్ వ్యాధిలో పేగు ఇరుకైన వాళ్ళకు పీచు అడ్డుపడి ప్రమాదం చేస్తుంది.

కలబంద: 2004లో లండన్‌లో 44 మందికి నాలుగు వారాలు చేశారు. కలబంద గుజ్జు రసం తాగిన 30 మందిలో 9 మందికి, ఉత్తుత్తి రసం తాగిన 14 మందిలో ఒకరికి జబ్బు అణగింది. చిన్న పరీక్ష. పైగా కలబంద తొక్క కింద ఉండే పచ్చటి పాలు విరేచనాలు పట్టిస్తాయి. మనం పెరట్లోది కోసి తింటే అది కూడా పోతుంది కదా!

అందుగు బంక: ఇది సాంబ్రాణి జాతి చెట్టు. మన దేశంలో 1997లో చేసిన చిన్న పరీక్షలో బాగుందన్నారు. తర్వాత 2011లో జర్మనీలో క్రోన్స్ రోగులకు పెద్దగా, జాగ్రత్తగా చేస్తే ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా రాలేదు.

చెట్టు మందు చెడు చేయదా?

మన ఊళ్ళలో అందరూ అనే మాట, "చెట్టు మందే కదా, తగ్గితే తగ్గుతుంది, లేకపోతే పోయిందేమీ లేదు." ఇది తప్పు. దీనికి నీలిమందు కథ చెప్తాను. గుడ్డలకు నీలి రంగు వేసే మొక్కల నుండి చైనా వాళ్ళు ఒక పొడి తయారు చేస్తారు. జపాన్‌లో 86 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగులకు దాన్ని 8 వారాలు పరీక్షించి 2018లో ప్రకటించారు. ఉత్తుత్తి మందు జట్టులో నూటికి 14 మందికి గుణం కనబడితే, నీలిమందు జట్లలో నూటికి 70 నుండి 81 మందికి కనబడింది. పసుపు కంటే బలమైనది! కాని ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఎందుకనగా పరీక్షలో లేని ఒక రోగి తనంతట తాను నీలిమందు కొని వాడితే ఊపిరితిత్తుల నెత్తుటి గొట్టాలలో ఒత్తిడి పెరిగే జబ్బు వచ్చింది. అది ప్రాణం తీయగలది. జపాన్ ప్రభుత్వం 2016లోనే హెచ్చరిక ఇచ్చింది.

కర్కుమిన్ మాత్రలు, ముఖ్యంగా మిరియాల సారం కలిపినవి వాడి కాలేయం దెబ్బతిన్న వాళ్ళు కూడా అమెరికాలో ఉన్నారు. దీన్ని బట్టి నాకు అర్థమైనది: మంచి చేసే బలం ఉన్నదానికి చెడు చేసే బలం కూడా ఉంటుంది. అందుకే కొలత కావాలి, చూసే డాక్టరు కావాలి.

తిండి సంగతి

జబ్బు రేగినప్పుడు: మెత్తటి అన్నం, గంజి, అరటిపండు, ఉడికించిన బంగాళాదుంప వంటివి. కారం, మసాలా, తొక్కలు, గింజలు తగ్గించాలి. ఒంట్లో నీరు పోతుంది కాబట్టి ఓ.ఆర్.ఎస్. తాగాలి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాకు సమంగా కొలిచి కలపాలి.

జబ్బు అణగినప్పుడు: మామూలు తిండి మెల్లగా తినవచ్చు. స్టెరాయిడ్ మందు ఎముకలను బలహీనం చేస్తుంది. మన చోళ్ళు ఇక్కడ పనికొస్తాయి. 100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. బియ్యంలో దానికి చాలా తక్కువ. కొండ మీద పండే చోడి అంబలిని చిన్నచూపు చూడకండి. చిన్నాన్న ఇప్పుడు రోజూ తాగుతున్నాడు.

సందేహాలు – సమాధానాలు
(మన గదిలో అక్కలు అడిగినవి)

ప్రశ్న: నెత్తురు ఆగాక కూడా మాత్ర ఎందుకు?
జవాబు: మంట ఆరినా నిప్పు బూడిద కింద ఉంటుంది. మాత్ర మానితే మళ్ళీ రాజుకుంటుంది. చాలా ఏళ్ళు ఉన్న వాళ్ళకు పేగు కాన్సరు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. అందుకే సుమారు 8 ఏళ్ళు దాటాక కెమెరా పరీక్ష మళ్ళీ మళ్ళీ చేస్తారు.

ప్రశ్న: ఒళ్ళు నొప్పులకు సంతలో బిళ్ళ కొనుక్కోవచ్చా?
జవాబు: ఈ జబ్బు ఉన్నవాళ్ళు కొనకూడదు. డైక్లోఫినాక్, ఇబుప్రొఫెన్ వంటివి జబ్బును రేపవచ్చు.

ప్రశ్న: మరి తాతల మందులు అన్నీ మానేయాలా?
జవాబు: నేను అలా అనను. మా తాతకు తెలిసిన చెట్లు నాకు తెలియవు. ఏది తాగినా డాక్టరుకు చెప్పి తాగాలి, డాక్టరు కూడా వెక్కిరించకుండా వినాలి. వెక్కిరిస్తారని భయపడే మా వాళ్ళు చెప్పరు.

మన హాస్టల్‌కు ఒక మాట

మనం ఆడపిల్లలం. విరేచనంలో నెత్తురు పడిందని చెప్పడానికి సిగ్గు. నెలసరి అనుకొని ఊరుకుంటాము. ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి ఒక చెల్లి నా దగ్గరకు వచ్చి మెల్లగా "అక్కా, నాకు పది రోజుల నుండి పడుతున్నది" అని చెప్పింది. ఆ చెల్లిని నర్సు అక్క దగ్గరకు తీసుకువెళ్ళాను. మందు వేశాక నాలుగు రోజుల్లో తగ్గింది. ఆ చెల్లిది మామూలు విరేచనాలే. కాని పది రోజులు ఎవరికీ చెప్పలేదు చూడండి.

కాబట్టి ఇవి కనబడితే దాచకండి:
1. విరేచనంలో నెత్తురు, బంక.
2. రెండు మూడు వారాలు దాటినా తగ్గని విరేచనాలు.
3. రాత్రి నిద్రలో లేపే విరేచనాలు, కడుపు నొప్పి.
4. తింటున్నా బరువు తగ్గిపోవడం, నీరసం, పాలిపోవడం.
రోజుకు 6 సార్లు, అంతకన్నా ఎక్కువ నెత్తురుతో పడి, జ్వరం, గుండె దడ ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

వార్డెన్ మేడమ్ గారికి నా మనవి. స్టడీ అవర్‌లో బాత్రూముకు రెండోసారి అడిగితే "నాటకాలా?" అని అనకుండా పంపించండి. కడుపులో బాధ ఉన్నవాళ్ళు ఆగలేరు. రాత్రి బాత్రూము దగ్గర బల్బు పోయి చాలా రోజులైంది. అది కూడా వేయించగలరు. ఇలా రాసినందుకు కోపగించుకోవద్దు.

చివరగా

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళాను. చిన్నాన్న కొంచెం ఒళ్ళు చేశాడు. నేను "ఆ కాగితం నేనే చదివాను, నావల్లే" అని చెప్పాను. "ఓలమ్మీ, నువ్వేటి సేస్తావు, కాగితంలో ఉన్నది సదివినావు" అన్నాడు. తర్వాత నోటుబుక్కు తీసి, ఇప్పుడు మీరు చదివినదంతా ఆయనకు చదివి వినిపించాను. రెండు గంటలు పట్టింది. 133 మంది సాంబారు దగ్గర బాగా నవ్వాడు. నీలిమందు దగ్గర నవ్వలేదు. అంతా విని, "అయితే పసుపు కూరలో, బిళ్ళ జేబులో" అన్నాడు. నేను ఇంత పొడవుగా రాసినది ఆయన ఒక్క మాటలో చెప్పాడు.

మన ఇళ్ళలో చాలామందికి చదవడం వచ్చినది మనకే. మనం ఏది చదివి చెప్తే అది నమ్ముతారు. అందుకని సగం కాగితం చదివి చెప్పకండి. మొత్తం చదవండి, తెలియకపోతే టీచరును అడగండి, అప్పుడు చెప్పండి.

తప్పులు ఉంటే క్షమించగలరు.

– 9వ తరగతి విద్యార్థిని